లతీర్ బండి మీద అతికించిన ఓటు కాగితం

లతీర్ జూఫ్ కొత్త అధ్యక్షుడికి ఓటు వెయ్యలేదనీ, ఒక బియ్యం బస్తాకు ఆశపడి పాతవాళ్ళకు వేసి, గెలుపు ఊరేగింపులో మాత్రం అందరికంటే ముందు బండి తోలాడనీ రుఫిస్క్‌ పట్నంలో మా వీధి పొడుగునా ఒక మాట తిరుగుతోంది. రొట్టెల బట్టీ దగ్గర బయల్దేరినప్పుడు అది ఒక్క బస్తానే. కుళాయి దగ్గరికి వచ్చేసరికి రెండు బస్తాలైంది. చేపల రేవు చేరేసరికి నూనె డబ్బా కూడా తోడైంది. అదంతా వట్టి కూత. బస్తా లేదు, డబ్బా లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, దానికి పాలు పోసి పెంచింది ఎవరో ఉన్నదున్నట్టు చెప్పాలి. అలా చెప్పాలంటే తక్కో బా సంగతి కూడా చెప్పక తప్పదు. ఆవిడ సిగ్గుపడవలసిన భాగం ఇందులో కొంచెం ఉంది. కొంచెమేమిటి, చాలానే ఉంది.

లతీర్ మా వీధి చెత్త బండివాడు. ఫాతిక్ ఊరి అవతల సజ్జ చేల మధ్య ఒక సెరేరు జాతి పల్లె వాళ్ళది. ఇరవై రెండేళ్ళ కిందట కుస్తీలు పట్టి పేరు తెచ్చుకుందామని పట్నం వచ్చాడు. మూడో కుస్తీలోనే భుజం జారింది, పేరు రాలేదు. మేనమామ ఒక గుర్రాన్నిచ్చి, "మనిషిని ఎత్తి కుదెయ్యలేకపోతే పోనీ, మూటలు ఎత్తుకు బతుకు" అన్నాడట. అప్పటి గుర్రం పోయింది, దాని తరవాతదీ పోయింది. ఇప్పుడున్నది నవెత్. నవెత్ అంటే వానాకాలం. తొలకరి రోజున కొన్నాడు కాబట్టి ఆ పేరు. తెల్లగా ఉంటుంది, ఎడమ చెవి మాత్రం నల్లన. రొట్టె వాసన తగిలితే కదలదు.

పొద్దున్నే బండి మలుపు తిరగ్గానే లతీర్ ఇనప చువ్వతో చక్రం కమ్మీ మీద మూడు దెబ్బలు వేస్తాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. అంతే, గుమ్మాల్లోంచి బుట్టలూ బకెట్లూ బయటికి వస్తాయి. చెత్త ఎత్తేవాడికి తెలియని ఇల్లుండదు. ఏ ఇంట్లో చేప వండారో, ఏ ఇంట్లో చేప వండినట్టు పొయ్యి మాత్రం రాజేశారో, ఎవరింట్లో మందు సీసాలు ఎక్కువవుతున్నాయో, ఎవరి కూతురు ఏ ఉత్తరం చదివి చింపేసిందో అన్నీ వాడి చేతుల మీదుగానే పోతాయి. ఒకసారి మా వార్డు పెద్ద బిరామ్ గారి కట్టుడు పళ్ళు పాత పేపరు మడతలో చుట్టుకుని చెత్తలోకి వెళ్ళిపోయాయి. మర్నాడు లతీర్ పదిమంది కూర్చున్న అరుగు దగ్గరికి వచ్చి, ఆ పొట్లాన్ని ఆయన చేతిలో పెట్టి, "పెద్దయ్యా, మీ పేపరు పూర్తిగా చదవకుండానే పారేశారు" అని వెళ్ళిపోయాడు. పళ్ళ సంగతి బయటికి వచ్చిందంటే బిరామ్ గారే ఏడాది తరవాత నవ్వుతూ చెప్పుకోబట్టి.

అలాంటి మనిషికీ తక్కోకీ రోజూ పొద్దున్నే తగువే. తక్కో ఫులా ఆవిడ, లతీర్ సెరేరు. ఫులాలు గొడ్లు కాచేవాళ్ళు, సెరేరులు సజ్జ పండించేవాళ్ళు, ఆ రెండు జాతులదీ పరిహాసాల వరస. బానిసా, గొడ్ల దొంగా అని ఎంత మాటైనా అనవచ్చు, పడినవాడు నవ్వాలే తప్ప కోపం తెచ్చుకోకూడదు. తక్కో వీధి మొగన బొబ్బర్ల కూర కుక్కిన రొట్టెలు అమ్ముతుంది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. అయిదో తరగతి దాకా చదివింది. అయితే వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో, ఏం తిని వెళ్ళారో తెలియకపోతే ఆవిడకు గొంతులో ముద్ద దిగదు. బండి రాగానే గరిటె పైకెత్తేది.

"ఏరా బానిసా, ఇంత ఆలస్యం? గుర్రం నిన్ను లాక్కొచ్చిందా, నువ్వు దాన్ని లాక్కొచ్చావా?"

"గొడ్ల దొంగల వీధి కదా అత్తా! దీన్ని ఎక్కడ కట్టాలో తెలీక ఊరంతా తిరిగొచ్చా."

"సెరేరు వాడికి గుర్రం ఎందుకురా, సజ్జ సంకటి చాలదూ?"

"చాలదు. నీ రొట్టె కూడా కావాలి. కూర ఎక్కువెయ్యి, గరిటె చూసి పెట్టకు."

ఈ సందడి లేకపోతే మా వీధికి తెల్లవారినట్టు ఉండదు.

ఎన్నికలు ఉపవాసాల నెలలో వచ్చాయి. ఆ ఆదివారం వేకువ ఝామున నాలుగు మెతుకులు తిని, నీళ్ళు తాగి, నమాజు చేసుకుని తక్కో నేరుగా ఓట్లు వేసే బడికి వెళ్ళింది. ఎందులోనైనా ముందుండకపోతే ఏదో కనబడకుండా పోతుందని ఆవిడ భయం. వరసలో మొదటి మనిషి ఆవిడే. రెండోవాడు లతీర్. ఓటేసి పనిలోకి వెళ్ళిపోవాలని నవెత్‌ను బడి గేటుకు కట్టేసి వచ్చాడు. వాళ్ళ వెనకాల అప్పటికే వందమంది. ముసలివాళ్ళు చేతికర్రలతో, ఆడవాళ్ళు పండగ బట్టలతో, కుర్రాళ్ళయితే పెళ్ళికి వచ్చినట్టు సెంటు పూసుకుని మరీ వచ్చారు. ఆ ఏడు గాలిలోనే ఏదో మార్పు ఉంది.

లోపల బల్ల మీద పందొమ్మిది దొంతరలు. పోటీ చేసే ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం, దాని మీద వాళ్ళ బొమ్మ. ఓటరు ప్రతి దొంతరలోంచీ ఒకటి తీసుకుని, తెర వెనక్కి వెళ్ళి, కావలసినది కవరులో పెట్టి, మిగతావి అక్కడున్న బుట్టలో పడేసి, బయటికి వచ్చి కవరును పెట్టెలో వెయ్యాలి. తెర వెనకాల తక్కో చేతిలో చివరికి రెండు కాగితాలు మిగిలాయి. ఒకటి పాత పార్టీ పెద్దమనిషిది, రెండోది కొత్తగా పోటీకి దిగిన ఆ కుర్రాడిది. నలభై దాటి ఎంతో కాలం కాలేదు, తన పెద్దకొడుకు ఈడు. నవ్వుతున్నాడు.

తక్కో మొగుడు పోయిన నాడు ఆ పెద్దమనిషి ఇంటికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నలభయ్యో రోజుకు బియ్యం బస్తా పంపించాడు. తిన్న ఉప్పు గొంతులో అడ్డం పడింది. పెద్దమనిషి కాగితాన్ని కవరులో పెట్టింది. కుర్రాడి కాగితాన్ని అన్నిటికంటే చివర బుట్టలో వదిలింది. అది వెల్లకిలా పడి ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏమనుకోకు నాయనా, నీకింకా వయసుంది" అని, వేలికి సిరా పూయించుకుని బయటపడింది.

"ఇంతసేపేంటత్తా? లోపల గొడ్లేమన్నా దొరికాయా?" అన్నాడు లతీర్, లోపలికి వెళుతూ.

"దొరికాయిలే. నీకు తోక మిగిల్చాను, పో."

సాయంత్రం బడిలోనే లెక్కపెట్టారు. పోలింగు గదిలో రాతపని చేసిన తంసీర్ మేష్టారు నల్లబల్ల మీద సుద్దతో రాశాడు: కుర్రాడికి రెండువందల పద్నాలుగు, మిగతా అందరికీ కలిపి నూట యాభై ఏడు. మర్నాడు మధ్యాహ్నానికి ప్రతి రేడియోలోనూ ఒకటే వార్త. ఎదుటి పెద్దమనిషి ఫోన్ చేసి అభినందించేశాడట. కుర్రాడు గెలిచాడు!

ఇంక చూడాలి మా వీధిని. ఉపవాసంతో నోళ్ళు ఎండిపోయి గోడలకు ఆనుకున్నవాళ్ళంతా ఒక్క ఉదుటున లేచారు. డోళ్ళు దొరికినవాళ్ళు డోళ్ళు, దొరకనివాళ్ళు సత్తు బేసిన్లు. లతీర్ బండి కడిగి, ఆకుపచ్చా పసుపూ ఎరుపూ జెండా రంగుల గుడ్డలు కట్టి, ముందు పలక మధ్యలో అన్నం మెతుకులతో ఆ కుర్రాడి బొమ్మ కాగితం అతికించుకుని వచ్చాడు. బండి మీద పట్టినంతమంది ఎక్కారు. అందరికంటే ముందు ఎక్కింది ఎవరనుకున్నారు? తక్కో! ఓటేసింది వేరే మనిషికి, అది నిజమే. కానీ ఆ డోలు చప్పుడు, ఆ ధూళి, ఆ పిల్లల కేకలు వింటుంటే కాళ్ళు ఊరుకుంటాయా? చేతిలో గరిటె, గరిటె కింద గిన్నె. సముద్రం గట్టు దాకా వెళ్ళి వచ్చేసరికి గిన్నె సొట్టలు పడింది. ఎవరో రేడియోవాడు మైకు మూతి ముందు పెడితే, "మా బిడ్డ గెలిచాడు! మా వీధి వీధంతా మా బిడ్డకే వేసింది!" అని అరిచింది. ఆ అరుపు సాయంత్రం రేడియోలో వచ్చింది. ఆవిడ నటించిందనుకునేరు, లేదు. అప్పుడు ఆవిడకు నిజంగానే కడుపులోంచి సంతోషం పొంగింది. తరవాత పడుకున్నప్పుడు మాత్రం బుట్టలో నవ్వుతున్న మొహం గుర్తొచ్చి అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి నిట్టూర్చింది.

కుర్రాడు ప్రమాణం చేసిన దగ్గరనుంచి రోజుకో వార్త. మా వీధిలో జనం చేపల అన్నం చల్లారిపోతున్నా రేడియో ముందునుంచి లేచేవాళ్ళు కాదు. మంత్రులు తమకేమేం ఉన్నాయో రాసివ్వాలట. బియ్యం, నూనె, రొట్టె ధరలు దించుతారట. సముద్రపు ఒడ్డున స్థలాలు పంచుకోవడం ఆపమన్నారట. నెల మొదటి శనివారం దేశమంతా చీపురు పట్టాలట, అధ్యక్షుడితో సహా.

"మేష్టారూ, నాకున్నవి నేనూ రాసివ్వాలా?" అని తక్కో తంసీర్ మేష్టారిని అడిగింది. "రెండు గొర్రెలు, ఒక సొట్ట గిన్నె."

"నీ నోరు కూడా రాయి తక్కోమ్మా. అన్నిటికంటే పెద్ద ఆస్తి అదేగా."

ఆ మార్పుల్లోదే ఒకటి లతీర్ గుమ్మం దాకా వచ్చింది. ఇంతకుముందు పార్టీ వాళ్ళ చీటీ ఉన్నవాడే చెత్తదిబ్బ గేటు దాటేవాడు, లేనివాడు అక్కడున్న వాళ్ళని బతిమాలుకునేవాడు. ఇకమీదట చీటీలు లేవు. వార్డుకు ఒకే ఒక బండి, దానికి ఒక నెంబరు పలక. ఎవరి బండో వార్డు జనమే మొదటి శనివారం వీధి ఊడ్చాక చేతులెత్తి తేల్చుకోవాలి. పలక లేని బండికి గేటు తెరవరు. లతీర్‌కు పోటీగా మూడు చక్రాల మోటారు బండి ఇబా దిగాడు. కుర్రవాడు, చురుకైనవాడు, బండి కూడా కొత్తది.

లతీర్ పెళ్ళాం సిగా ఒకరోజు తక్కో దగ్గరికి వచ్చి కూర్చుంది. "పలక రాకపోతే నవెత్‌ని అమ్మేసి ఊరెళ్ళిపోదామంటున్నాడత్తా. ఊళ్ళో ఏముంది? పొలం అన్నదమ్ములు పంచేసుకున్నారు. పిల్లలు ముగ్గురూ ఇక్కడి బళ్ళో ఉన్నారు."

"పిచ్చిదానా, ఇరవై రెండేళ్ళు మా చెత్త ఎత్తినవాడిని కాదని ఇంకొకడికి ఎత్తుతామా చెయ్యి?" అంది తక్కో. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

సరిగ్గా ఆ వారమే రొట్టెల బట్టీ ముందు నవెత్ మామూలుగా కదలనని నిలబడింది. వరసలో ఉన్న తంసీర్ మేష్టారు ఊరికే ఉండలేక కళ్ళజోడు పెట్టుకుని బండి పలక కేసి వంగి చూశాడు. చూసి, మళ్ళీ చూసి, "ఇది గోడ బొమ్మ కాదే!" అన్నాడు. "ఇది ఓటు కాగితం. ఆ రోజు బల్ల మీద పేర్చిందే."

"అయితే ఏంటి మేష్టారూ?" అన్నారు ఎవరో.

"అయితే ఏంటంటావేమిటయ్యా! మనిషికి ఒక్కటే ఇచ్చాం. అది కవరులో పెడితే పెట్టెలో ఉండాలి. బండి మీద ఉందంటే పెట్టెలో లేదు. పెట్టెలో లేదంటే..."

మిగతాది బట్టీ వరసంతా కలిసి పూర్తి చేసింది.

ఆ మాట కూర కలుపుతున్న తక్కో చెవిన పడగానే ఆవిడకు మొదట కలిగింది ఏమిటో తెలుసా? హాయి! ఎన్ని రోజులుగానో లోపల ఒంటరిగా మోస్తున్న మూటకు తోడు దొరికినట్టయింది. నాలాంటివాడు ఇంకొకడున్నాడు, వాడూ వేరేవాళ్ళకు వేసి నాలాగే గంతులేశాడు అనుకుంది. ఆ ఊపులో ఎవరో "ఎందుకలా వేసుంటాడత్తా?" అని అడిగితే, "ఎందుకేముంది, బియ్యం బస్తా పంపించి ఉంటారు" అనేసింది. సరదాకే అంది. తన ఇంటికొచ్చిన బస్తానే నోటికి వచ్చింది. ఒకసారి నోరు దాటాక ఆ బస్తా ఎవరి మాటా వినలేదు.

మర్నాడు బండి రాగానే పళ్ళికిలించింది. "ఏరా బానిసా, బియ్యం ఉడికాయా? ఏ రకం?"

లతీర్ బుట్ట ఎత్తి బండిలో వంపి, ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూశాడు. "గొడ్ల దొంగలకి అన్నం వాసన బాగా తెలుస్తుందే" అని మాత్రం అన్నాడు. చక్రం మీద మూడు దెబ్బలు వేసి కదిలిపోయాడు. ఆ రోజు రొట్టె అడగలేదు.

మొదటి శనివారం వచ్చింది. తెల్లవారేసరికి వీధి వీధంతా చీపుర్లే. బిరామ్ గారు లుంగీ ఎగగట్టి మురుగుకాలవలోకి దిగాడు. కుర్రాళ్ళు చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టారు. పాటలు, కేకలు, ఒకరి మీద ఒకరు నీళ్ళు. లతీర్ బండీ ఇబా బండీ పోటాపోటీగా ఇసకా ప్లాస్టిక్కూ మోశాయి. పదకొండింటికి నాలుగు గుంజల మీద టార్పాలిన్ పరిచి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, అల్లం పానకం పంచి, బిరామ్ గారు మధ్యలో నిలబడ్డాడు. ఆయన చేతిలో ఎర్ర అంకెలు రాసిన రేకు పలక. సిగా చంటివాణ్ణి వీపున కట్టుకుని చివర నిలబడింది. ఆవిడ కళ్ళు ఆ రేకు మీదే ఉన్నాయి.

"చేతులెత్తే ముందు ఎవరన్నా ఏమన్నా అడగాలా?"

"నేను అడగాలి" అని మేష్టారు లేచాడు. "లతీర్, నీ పనికి వంక పెట్టను. కానీ ఈ పలక కొత్త పాలన ఇస్తున్నది. ఆ కాగితం నీ బండి మీదికి ఎలా వచ్చింది?"

లతీర్ టోపీ తీసి చేత్తో నలిపాడు. "నాది పెట్టెలోనే ఉంది మేష్టారూ. ఇది తెర వెనకాల బుట్టలో దొరికింది. వెల్లకిలా పడుంది, నవ్వుతున్నాడు. బాగున్న వస్తువుని చెత్తలో వదిలెయ్యడం నాకు చేతకాదు. తీసుకున్నా."

జనం గొల్లున నవ్వారు. ఇబా కుర్చీ మీదికి ఎక్కాడు. "బుట్టలో దొరికిందట! అంటే ఈ వీధిలో ఎవరో ఆయన్ని బుట్టలో పారేశారన్నమాట. పారేసినవాళ్ళెవరండీ? చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నేను ఆయనకే వేశా!" "నేనూ!" "మా ఇంట్లో ఏడుగురమూ ఆయనకే!" అని నలుమూలలా కేకలు. బిరామ్ గారు కూడా, "నేను మాత్రం ఎవరికి వేస్తాను?" అన్నాడు.

"మరి ఎవరూ పారెయ్యనిది నీకు ఎలా దొరికిందిరా?" అన్నాడు ఇబా.

"బుట్టల సంగతి మీకంటే నాకు బాగా తెలుసు" అన్నాడు లతీర్.

"నీ ముందు లోపలికి వెళ్ళిందెవరు?" అని బిరామ్ గారు అడిగాడు.

లతీర్ నవెత్ కేసి తిరిగాడు. "గుర్తులేదు పెద్దయ్యా."

తక్కో చేతిలో పానకం గ్లాసు ఆగిపోయింది. గుర్తులేకపోవడమేమిటి! "లోపల గొడ్లేమన్నా దొరికాయా" అని అడిగినవాడు మరిచిపోతాడా? వరసలో మొదటిది తను, రెండోవాడు వాడు. వాడు వెళ్ళేసరికి ఆ బుట్టలో తన చేత్తో పారేసినవి తప్ప ఇంకో కాగితం ముక్క లేదు. తోడు దొరికాడని ఇన్నాళ్ళూ సంబరపడింది. తోడూ లేదు, ఏమీ లేదు. వాడి బండి మీద నవ్వుతున్నది తను పారేసిన మొహమే.

 రేడియోలో అరిచిన మనిషాయె. బండెక్కి గిన్నె వాయించిన మనిషాయె. ఇప్పుడు నోరు విప్పితే రేపటినుంచి రొట్టె కొనడానికి వచ్చే ప్రతివాడూ ముసిముసిగా నవ్వుతాడు. విప్పకపోతే? బిరామ్ గారు అప్పటికే, "సరే, ఇబా బండి కావాలన్నవాళ్ళు" అన్నాడు. చేతులు లేవడం మొదలెట్టాయి. అయిదు, తొమ్మిది, ఇరవై... సిగా చంటివాడి కాళ్ళు గట్టిగా పట్టుకుని తల వంచుకుంది.

తక్కో కుర్చీ ఎక్కింది. కుర్చీ కిర్రుమంది.

"దించండి! చేతులు దించండి! ఆ కాగితం నాది!"

జనమంతా ఆవిడ కేసి తిరిగారు.

"ఆ కుర్రాణ్ణి బుట్టలో పడేసింది నేను. వీడి ముందు వెళ్ళింది నేను. ఆ బియ్యం బస్తా కూడా నాదే. మా ఆయన పోయినప్పుడు వచ్చింది. ఆ ఉప్పుకి కట్టుబడి పాతాయనకి వేశా. వీడికి ఎవరూ గింజ కూడా ఇవ్వలేదు."

"మరి బండెక్కి గెంతావేం తక్కోమ్మా?" అని ఎవరో కేకేశారు.

"గెంతా! గెంతకూడదని ఎక్కడన్నా రాసుందా? సంబంధం మనం కుదర్చకపోయినా, పెళ్ళికొడుకు బాగుంటే పెళ్ళిలో గెంతమూ? ఇప్పుడైనా గెంతుతా!" ఆవిడ వేలు మేష్టారి మీదికి తిరిగింది. "మేష్టారూ, మీరే కదా బల్ల మీద రాశారు! ఆయనకి రెండొందల పద్నాలుగు, మిగతావాళ్ళకి నూట యాభై ఏడు. ఆ నూట యాభై ఏడుగురూ ఎవరండీ? ఎక్కడున్నారు? ఓటేసి సముద్రంలో గానీ దూకారా? ఇక్కడ చూస్తే అందరూ ఆయనకే వేశామంటున్నారు!"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒక వరసనుంచి ఇంకో వరసకు పాకింది. బిరామ్ గారు రెండుసార్లు దగ్గి, రేకు పలకతో విసురుకుంటూ, "నూట యాభై ఏడులో ఒకణ్ణి ఇక్కడే ఉన్నాను" అన్నాడు.

అంతే! కట్ట తెగింది. "నేనూ!" "నేనూ ఒకదాన్నే!" "మా ఏడుగురిలో ముగ్గురం!" ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు చరుచుకుంటూ, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకుంటూ, గెలిచిన రోజు కంటే పెద్ద గోల చేశారు. తంసీర్ మేష్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన ఎవరికి వేశాడో తక్కో ఈనాటికీ కూపీ లాగుతూనే ఉంది.

"నవెత్ బండి కావాలన్నవాళ్ళు!" అన్నాడు బిరామ్ గారు. లేచిన చేతులను లెక్కపెట్టబోయి, సగంలో మానేశాడు. ఇబా చెయ్యెత్తలేదు గానీ, వెళ్ళేటప్పుడు రేకు పలక బిగించడానికి తన పానా ఇచ్చి వెళ్ళాడు. సిగా తక్కో దగ్గరికి వచ్చింది. వీపు మీది చంటివాణ్ణి విప్పి ఆవిడ ఒళ్ళో పడేసి, పలక చూడడానికి పరుగెత్తింది.

జనం పలచబడ్డాక, చంటివాణ్ణి చంకనేసుకుని తక్కో బండి దగ్గరికి నడిచింది. లతీర్ వీధి చివర మిగిలిన ఇసకను పారతో ఎత్తిపోస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమందిని ఎన్నో అడిగిన మనిషి, ఈ ఒక్కటి అడగడానికి మాత్రం కాసేపు నవెత్ మెడ నిమురుతూ నిలబడింది.

"ఒరే లతీర్. నిజం చెప్పు. అది నాదని మొదటి రోజునుంచీ తెలుసు నీకు. బస్తా మాట నేనే అన్నానని కూడా తెలుసు. గుర్రం పోయేది, ఇల్లు కదిలిపోయేది. ఒక్క మాట అంటే సరిపోయేదిగా. ఎందుకు చెప్పలేదురా?"

లతీర్ పార బండికి ఆనించి, మొహం తుడుచుకున్నాడు.

"గొడ్ల దొంగ ముసలీ! ఇరవై రెండేళ్ళుగా నీ బుట్టలో ఏముందో నీ కోడళ్ళకి కూడా చెప్పలేదు నేను. ఒక్క రోజు అందులో అధ్యక్షుడున్నాడని ఊరికి చెప్పేస్తానా?"